చెడిపోయిన మిక్సీ, మూడు తరాలు

ఇంట్లో ఒక వస్తువు చెడిపోయిన రోజున ఆ ఇంట్లో ఎన్ని తరాల వారున్నారో తెలిసిపోతుంది. పొద్దున్నే చట్నీకని వేసిన మిక్సీ గుర్రుమని ఆగిపోయిందనుకోండి. "బజారుకు తీసుకెళ్లి చూపించరా, ఇరవై ఏళ్లు పనిచేసింది" అంటుంది నాయనమ్మ. "వాడు ఎంత అడుగుతాడో, ఆ తర్వాత ఎన్నాళ్లు నడుస్తుందో" అంటాడు తండ్రి. కొడుకు ఈలోగా ఫోను తీసి కొత్త మిక్సీల ధరలు చూపిస్తుంటాడు. కాసేపట్లో మాట మిక్సీని వదిలి మనుషుల మీదికి పోతుంది. పెద్దవాళ్లు పిసినారులు, పిల్లలు దుబారా మనుషులు అని తీర్పులు వెలువడతాయి.

ఆ తీర్పులను కాస్త పక్కన పెట్టి ఈ వారం పాఠంలో అసలు సంగతి పరిశీలిద్దాం. నిజానికి ముగ్గురూ లెక్క వేసుకునే మాట్లాడుతున్నారు. ఆ లెక్క ఎవరు ఏ కాలంలో నేర్చుకున్నారన్నదే తేడా. మనిషి మొదటిసారి డబ్బు చేతబట్టి ఇల్లు నడిపిన రోజుల్లో వస్తువు ఖరీదెంత, మనిషి కూలి ఎంత అన్నది మనసులో కొలబద్దగా నిలిచిపోతుంది. తర్వాత ధరలు మారతాయి గాని ఆ కొలబద్ద అంత త్వరగా మారదు.

ముందు నాయనమ్మ లెక్క చూద్దాం. ఆమె కాపురానికి వచ్చిన రోజుల్లో మరమ్మతు అనేది అనుకోకుండా వచ్చిపడే ఖర్చు కాదు, వస్తువు వాడకంలో అదొక భాగం. ఇత్తడి గిన్నెల సంగతే తీసుకోండి. అందులో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగి కూర చెడుతుంది. అందుకని గిన్నె లోపల తగరం పూత పూయించేవారు. ఆ పూత కొన్నాళ్లకు అరిగిపోతుంది. "గిన్నెలకు కళాయి పోస్తాం" అని కేకవేసుకుంటూ వచ్చిన మనిషి వీధి మొగలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊది, గిన్నె బాగా కాగాక నవాసారం పొడి చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో లోపలంతా ఒక్కసారి రాసేవాడు. తెల్లటి పొగ లేచి, మసిగిన్నె వెండిగిన్నెలా మెరిసేది. ఆ పొగ చుట్టూ మూగిన పిల్లలకు అంతకు మించిన వింత ఇంకోటి లేదు. రోలు, తిరగలి అరిగి నునుపెక్కితే ఉలితో కక్కు కొట్టడానికి ఒకరు వచ్చేవారు. బిందెకు చిల్లి పడితే మాటు వేయడానికి ఇంకొకరు. గొడుగు ఊచ విరిగితే వానాకాలం ముందు వచ్చే మనిషి వేరు. చిరిగిన చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టుకుంటే బొంత అయ్యేది. పంపు స్టవ్వు కొన్న ఇంట్లో దాని వాషరు, పిన్ను ఒక డబ్బాలో విడిగా ఉండేవి. వస్తువు కొనేటప్పుడే అది అరుగుతుందని తెలుసు, అరిగినప్పుడు చేసే చెయ్యి గుమ్మం ముందుకే వస్తుందని కూడా తెలుసు.

పల్లెల్లో ఇంకొక ఏర్పాటు ఉండేది, దాన్ని ఇప్పటి పిల్లలకు విడమరచి చెప్పవలసి ఉంటుంది. నాగలి, బండి సరిచేసే వడ్రంగికి, కర్రు కాచి సాగగొట్టే కమ్మరికి ఒక్కో పనికి ఇంత అని ఎప్పటికప్పుడు డబ్బు లెక్క లేదు. పంట నూర్చి కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు వారి "మేర" వారికి కొలిచి ఇచ్చేవారు. అంటే ఏడాది పొడుగునా ఆ రైతు పనిముట్లు నడిచేలా చూడటమే ఆ పనివాడి బాధ్యత. ఒకసారి గట్టిగా చేస్తే మళ్లీ మళ్లీ చేయవలసిన బాధ అతనికీ తప్పుతుంది. ఇప్పుడు మనం ప్రతి మరమ్మతుకూ విడిగా డబ్బు ఇస్తున్నాం, కొత్త వస్తువు అమ్మేవాడికేమో పాతది ఎంత త్వరగా మూలపడితే అంత లాభం. "పాత రోజుల్లో వస్తువులు గట్టివి" అని పెద్దలు అనే మాటలో ఈ ఏర్పాటుకూ కొంత పాలు ఉంది. అయితే మేర పద్ధతిని తలచుకుని మురిసిపోవలసిన పని లేదు. అది వృత్తిని కులానికి కట్టిపడేసింది. కొలిచే చెయ్యి ఆసామిది, పట్టే చెయ్యి పనివాడిది. ఆ మాటకు తర్వాత వద్దాం.

తండ్రి లెక్క వేరు. ఆయన పెరిగింది కరువు కాలంలో కాదు గాని, వస్తువు దొరకడమే కష్టమైన కాలంలో. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో మొదలైన హెచ్.ఎం.టి. గడియారం చేతికి పెట్టుకోవడం అప్పట్లో ఒక హోదా. బజాజ్ స్కూటరు కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన వారు మన విచారణలలో ఇప్పటికీ ఉన్నారు. దిగుమతుల మీద కట్టడి ఉండేది, విదేశీ వస్తువు చెడితే విడిభాగం దొరకదు. మన మిక్సీ పుట్టుక కూడా ఒక మరమ్మతు కథే. 1960లలో బొంబాయిలో ఇంజనీరుగా పనిచేసిన సత్య ప్రకాశ్ మాథుర్ ఇంట్లో ఉన్న జర్మనీ యంత్రం మన రుబ్బుడుకు తట్టుకోలేక చెడిపోగా, మన పప్పులకు, మసాలాలకు నిలిచే మోటారుతో ఆయన సుమీత్ మిక్సీని తయారుచేశారు. ఆ కాలపు వస్తువులకు మేకులు, మరలు పైకి కనిపించేవి. విప్పవచ్చు, చూడవచ్చు, బిగించవచ్చు. 1991 తర్వాత ఆర్థిక విధానాలు మారి బజారు నిండింది. అందుకే తండ్రి తరం సగం అటు, సగం ఇటు. బాగుచేయించాలనీ ఉంటుంది, మోసపోతామేమోనన్న అనుమానమూ ఉంటుంది.

ఇక కొడుకు. అతణ్ణి దుబారా మనిషి అనడానికి ముందు అతని చేతిలోని ఫోను చూడండి. మూత మరలతో కాదు, జిగురుతో అతికించి ఉంది. బ్యాటరీ తీయాలంటే వేడి చేసి ఊడదీయాలి. ఊడదీసినా అసలు విడిభాగం దొరికితే దొరికినట్టు. దొరికిన చోట దాని ధర, పనివాడి కూలి కలిపితే కొత్త ఫోను ధరలో మంచి భాగం అవుతుంది. విప్పడానికి వీలులేని వస్తువుతో పెరిగిన పిల్లవాడికి విప్పాలన్న ఆలోచన రాకపోతే అది అతని తప్పా? వస్తువు ఆయుష్షును తయారీదారులే కావాలని తగ్గించిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 1924లో జెనీవాలో ఫిలిప్స్, ఓస్రామ్ వంటి పెద్ద బల్బుల కంపెనీలు ఫీబస్ అనే పేరున ఒక కూటమిగా ఏర్పడి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టుబాటు చేసుకున్నాయి. ఎక్కువ గంటలు వెలిగే బల్బు చేసిన సభ్యకంపెనీకి జరిమానా పడేది. అప్పటి కుర్రవాళ్లను నిందించి ఏం లాభం?

ఇంకో విషయం. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీలోకో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోకో ఒకసారి వెళ్లి చూడండి. అద్దం బిగించిన దీపం కింద తలవంచుకుని, వెంట్రుకంత తీగెను సూదిమొన లాంటి ఇనుముతో అతికిస్తున్న వారిలో ఎక్కువమంది పాతికేళ్లు నిండీ నిండని యువకులే. ఆ నైపుణ్యం మన తాతల దగ్గర లేదు. మరోవైపు, అటకమీద పనిచేయని రేడియో, పిడి లేని కుక్కరు, మూడు కాళ్ల కుర్చీ ముప్పై ఏళ్లుగా దాచిపెట్టి, ఏ ఒక్కదాన్నీ బాగుచేయించని పెద్దలూ ఉన్నారు. దాచుకోవడం వేరు, బాగుచేసుకోవడం వేరు. వయసును బట్టి గీత గీద్దామంటే అది వంకరగా పోతుంది.

ఇతర దేశాలను చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటనులో 1941 జూన్ నుంచి 1949 మార్చి వరకు బట్టలకు రేషను ఉండేది. ఉన్నదాన్ని కుట్టుకుని, అతుకు వేసుకుని గడుపుకోవడం ఎలాగో చెబుతూ 1943లో ప్రభుత్వమే పుస్తకం వేసింది. ఆ తరం ఆడవాళ్లు తర్వాత చేతినిండా డబ్బు వచ్చినా గుండీలు కత్తిరించి డబ్బాలో దాచుకునేవారు. లేమి నేర్పిన లెక్క అది. జపానులో వస్తువును వృథా చేస్తే కలిగే బాధకు "మొత్తాయినాయి" అని ఒక మాటే ఉంది. నోబెల్ శాంతి బహుమతి పొందిన కెన్యా దేశస్థురాలు వంగారి మథాయి 2005లో ఆ దేశం వెళ్లినప్పుడు ఆ మాట విని, నచ్చి, ప్రపంచమంతా చెప్పారు. విరిగిన మట్టిపాత్రను లక్కవంటి జిగురుతో అతికి ఆ అతుకు మీద బంగారు పొడి అద్దే కళ కూడా అక్కడిదే. అరిగి విరిగిన సూదులను ఏడాదికొకసారి మెత్తటి సోయా జున్నులో గుచ్చి, చేసిన సేవకు కృతజ్ఞత చెప్పి సాగనంపే ఆచారం ఒకటి ఉంది. మన ఆయుధపూజను గుర్తుకు తెచ్చే సంగతి.

ఐరోపాలో 2014లో జరిపిన సర్వేలో నూటికి 77 మంది కొత్తది కొనడం కంటే బాగుచేయించుకోవడమే మేలన్నారు. అయినా చాలామంది చివరికి కొత్తదే కొంటున్నారు. ఎందుకంటే అక్కడ మనిషి కూలి ఎక్కువ, చేసేవారు తక్కువ. అంటే మనసులో ఉన్న వైఖరి ఒకటి, చేతికి అందే వీలు ఒకటి. ఈ ఖాళీ పూడ్చడానికి 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆమె "రిపేర్ కెఫే" మొదలుపెట్టారు. వాడకట్టు వారు చెడిన వస్తువులు తెస్తారు, పని తెలిసినవారు పక్కన కూర్చుని ఉచితంగా చేయిస్తారు. స్వీడన్ 2017లో సైకిళ్లు, బూట్లు, బట్టల మరమ్మతు మీద పన్నును 25 శాతం నుంచి 12 శాతానికి తగ్గించింది. ఫ్రాన్సు 2021 జనవరి నుంచి ఫోన్లు, టీవీలు, బట్టలుతికే యంత్రాల వంటి కొన్నింటి మీద, బాగుచేయడానికి ఎంత వీలో తెలిపేలా పదికి ఇన్ని అని మార్కులు వేయించింది. మన దేశంలో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, ఆ డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినం నాడు ఒక పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు అందులో చేరాయి. ఇవన్నీ మంచివే. కాని మన సమస్య చట్టంతో తీరేది కాదని నా అభిప్రాయం.

మన సంస్కృతిలో ఒక విచిత్రం ఉంది. మరమ్మతును మెచ్చుకుంటాం, మరమ్మతు చేసేవాడిని కాదు. పొదుపు అని పిల్లలకు పాఠాలు చెబుతాం. ఆ పొదుపును సాధ్యం చేసే మనిషి మాత్రం రోడ్డు పక్కన గోనెపట్టా మీద ఎండలో కూర్చుని ఉంటాడు. పెద్ద దుకాణంలో రెండువేల రూపాయల బూట్లకు మారుమాట్లాడకుండా డబ్బిచ్చిన మనిషే, అవే బూట్లకు కుట్టు వేసిన పెద్దాయనతో పది రూపాయల దగ్గర బేరమాడతాడు. "ఓయ్" అని పిలుస్తాడు. ఎందుకు? మన దగ్గర తోలు, ఇనుము, కర్ర, మురికిబట్ట ముట్టే పనులన్నీ కులాల మీద మోపి, ఆ కులాలను కింద పెట్టాం గనుక. మరమ్మతు అంటే చెయ్యి మాపుకోవడం, చెయ్యి మాపుకోవడమంటే తక్కువతనం. గుంటూరులో కుళాయి వాషరు మార్చడానికి మనిషిని పిలిచే ఇంట్లో పుట్టిన అబ్బాయే అమెరికా వెళ్లాక, ప్లంబరు గంటకు అడిగే కూలికి జడిసి, తనే పనిముట్ల పెట్టె కొనుక్కుని సింకు కింద పడుకుని బిగించుకుంటాడు. చుట్టపుచూపుగా వెళ్లిన తల్లిదండ్రులు చూసి ఆశ్చర్యపోతారు. అక్కడ ఆ పనికి సిగ్గు అంటుకుని లేదు, అంతే తేడా.

ఈ మాట మన విచారణలలో మరీ జాగ్రత్తగా ఆలోచించవలసి ఉంది. మన కుటుంబాలలో ఎన్నో, తాతల తరం వరకు చెప్పులు కుట్టి, డప్పుకు తోలు బిగించి, ఇతరుల ఇళ్లలో పాత బట్టలు అడిగి తెచ్చుకుని మాసికలు వేసుకుని కట్టుకున్న దళిత కుటుంబాలు. ఆ ఇంటి మనవడు ఆ పనిముట్లు మళ్లీ ముట్టనంటే అది దుబారా కాదు. ఆ ఇంటి తల్లి క్రిస్మస్‌కు అప్పోసప్పో చేసి పిల్లలకు కొత్త బట్టలే కొంటానంటే అది కేవలం ఆడంబరం కాదు. ఒకరి పాతబట్ట తన బిడ్డ ఒంటి మీద ఉండకూడదన్న పట్టుదల అది. అతుకు వేసిన బట్ట కట్టక తప్పనివాడికి అతుకు అవమానం. కావాలని కట్టేవాడికి అది వేడుక. మోకాళ్ల దగ్గర చింపి మరీ అమ్మే జీన్సు ప్యాంట్లు ఎక్కువ డబ్బు పోసి కొనేది ఎవరో గమనించండి, చిరుగును దాచుకోవలసిన అవసరం ఎన్నడూ పడనివారే. కాబట్టి "పొదుపుగా బతకండి" అని బోధించే ముందు, ఎదుట కూర్చున్నవారు ఏ పొదుపులోంచి బయటపడి వచ్చారో బోధకులు తెలుసుకోవాలి. గురువులకైనా, ఉపదేశికైనా, ఈ పాఠం రాసేవారికైనా ఇది వర్తిస్తుంది.

పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే చిరుగు ఇంకా పెద్దదవుతుందని యేసు ప్రభువు చెప్పినప్పుడు వింటున్నవారికి అది ఇంటి అనుభవం. ఉతకని కొత్త గుడ్డ తడిస్తే ముడుచుకుని పాత నేతను లాగేస్తుంది. ఆయన యాకోబు, యోహానులను పిలిచిన సమయానికి వారు పడవలో వలలు బాగుచేసుకుంటున్నారు. జాలరికి వల బాగుచేసుకోవడం చేపలు పట్టడమంత ముఖ్యమైన పని. మన సముద్రతీరపు ఊళ్లలో ఇప్పటికీ చూడవచ్చు. దివంగత జగద్గురువు ఫ్రాన్సిస్ పాపు గారు 2015లో వెలువరించిన లౌదాతో సీ విశ్వలేఖలో పారవేసే సంస్కృతి గురించి రాస్తూ, వస్తువులను చెత్తగా మార్చే ఆ అలవాటు మనుషులను కూడా పక్కకు నెడుతుందని హెచ్చరించారు. ఆ లేఖను మన సభలలో చెట్లు, ప్లాస్టిక్ సంచుల గురించి చెప్పడానికే వాడుతున్నాం. చెప్పులు కుట్టే మనిషి గురించి కూడా అది మాట్లాడుతోందని గుర్తించినవారు తక్కువ.

ఇక ఇంటి పనికి వద్దాం. మిక్సీ ఆగితే ముందు దాన్ని తిరగేసి అడుగున చూడండి. చాలా మిక్సీలకు అక్కడ చిన్న ఎర్ర బటను ఉంటుంది. బరువు ఎక్కువై మోటారు వేడెక్కితే అది బయటికి వచ్చి కరెంటును ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే మళ్లీ నడుస్తుంది. ఇది తెలియక పారేసిన మిక్సీలెన్నో. అది కాకపోతే జారు కింద కప్లరు అరిగి ఉండవచ్చు, లోపల కార్బను బ్రష్షులు అయిపోయి ఉండవచ్చు. ఇవి అరగడానికే పెట్టిన చిన్న భాగాలు, ఖరీదు తక్కువ. మోటారు చుట్ట కాలిన వాసన వస్తే మాత్రం ఖర్చు ఎక్కువ, అప్పుడు పిల్లవాడి లెక్కే సరి కావచ్చు. షాపువాణ్ణి మార్చిన పాత భాగం తిరిగి ఇమ్మని అడగండి. అందులో అనుమానించడం ఏమీ లేదు, మంచి పనివాడు అడగకుండానే ఇస్తాడు.

నాయనమ్మ మాట వినకూడని చోట్లు కూడా ఉన్నాయి. గ్యాసు గొట్టం పగిలితే గుడ్డపేలిక చుట్టి వాడటం, కుక్కరు సేఫ్టీ వాల్వును మూసివేయడం, కాలిన కరెంటు తీగెకు టేపు చుట్టడం పొదుపు కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం. గొట్టం మీద గడువు ముద్రించి ఉంటుంది, అది దాటితే బాగున్నట్టు కనిపించినా మార్చవలసిందే. ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెటు మళ్లీ పెట్టుకోకూడదు. ఉబ్బిన ఫోను బ్యాటరీని ఇంట్లో గుచ్చి చూడకూడదు, చార్జింగు పెట్టకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు.

వచ్చే ఆదివారం పూజ తర్వాత అటక మీది సామాను ఒకటి కిందికి దించండి. ఇంట్లో అందరికంటే పెద్దవారిని ఒక ప్రశ్న అడగండి, అది కొన్నప్పుడు ఎన్ని రోజుల కూలి, లేదా ఎన్ని నెలల జీతం పట్టింది? అందరికంటే చిన్నవారిని ఇప్పుడు కొత్తది ఎన్ని రోజుల కూలికి వస్తుందో లెక్క కట్టమనండి. రెండు లెక్కలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాయండి. తర్వాత దాన్ని బాగుచేసే మనిషి మీ ఊళ్లో ఎక్కడ కూర్చుంటాడో, ఆయన పేరేమిటో, ఆయన పిల్లలు ఏం చదువుతున్నారో కనుక్కుని అదే కాగితం కింద రాయండి. పేరు రాసే చోట ఎన్ని ఇళ్ల కాగితాలు ఖాళీగా ఉంటాయో చూడాలని నాకు కుతూహలంగా ఉంది.